చూడామణి గారి మడి తొట్టి

గజపతినగరం సంగీత సభ వారు చూడామణి గారిని సన్మానానికి పిలవడానికి విజయనగరం వచ్చిన రోజున, ఆ ఇంట్లో వాళ్ళకిచ్చిన కాఫీ ఉప్పగా ఉంది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ పుచ్చుకున్నారు. సభ కార్యదర్శి రమేష్‌బాబు గారు మొదటి గుక్క మింగి, కళ్ళు గట్టిగా మూసి తెరిచి, డికాక్షను బాగా దిగిందన్నారు. రెండో ఆయన ఎత్తిన గ్లాసు దించకుండా ఆముదం తాగినట్టు తాగేసి కండువాతో మూతి తుడుచుకున్నారు. మూడో ఆయన సగం తాగి, తనకి బీపీ ఉందనీ, డాక్టరు వద్దన్నాడనీ చెప్పి గ్లాసు బల్ల మీద పెట్టేశారు. డాక్టరు వద్దన్నది కాఫీనా, మరొకటా అన్నది ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నాలుగో గ్లాసు నాది. నేను పక్కింటివాణ్ణి. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళే మాట్లాడకుండా తాగుతుంటే, గోడ అవతల నుంచి వచ్చినవాడు ఏమంటాడు? నేనూ తాగాను.

కాఫీ కలిపింది చూడామణి గారి అత్తగారు అప్పలనరసమ్మ గారు. ఎనభై దాటిన మనిషి, మడి కట్టుకుంటే ఆవిడ దారిలో పిల్లి కూడా పక్కకి తప్పుకునేది. తన వాడకానికి నూతినీళ్ళు తప్ప మరొకటి ముట్టరు. వచ్చేపోయేవాళ్ళకి మాత్రం వీధిలో అందరిలాగే క్యాను నీళ్ళు. ఆ రోజు వంటింటి గుమ్మం పక్కన అలాంటి క్యాన్లు రెండున్నాయి. ఒకదాంట్లో తాగే నీళ్ళు. రెండోదాంట్లో చూడామణి గారు తన చేపల కోసం సముద్రపు ఉప్పు కలిపి పెట్టుకున్న నీళ్ళు. రెండింటికీ నీలం మూతే.

మామూలుగా అయితే కోడలే కలిపేది. ఆ పూట ఆవిడ లేవడానికి లేకపోయింది. వెనక గదిలో పీట వేసుకుని కూర్చుని, ఒక బకెట్టులోకి నీళ్ళు చుక్కచుక్కగా పడేలా చూస్తున్నారు. మేకుకి సీసా, సీసాకి మందుల షాపులో కొన్న సెలైను గొట్టం. బకెట్టులో బొటనవేలంత చేపలు రెండు. నారింజ రంగు ఒళ్ళు, మధ్యలో తెల్ల పట్టీలు. అవి సముద్రం చేపలు. విశాఖపట్నం షాపులో వాటిని ఉంచిన నీళ్ళలో ఉప్పు తక్కువ, ఇంటి నీళ్ళలో ఎక్కువ. ఒక్కసారిగా మార్చేస్తే తట్టుకోలేవు. ఇంటి నీరు షాపు నీటిలో చుక్కచుక్కగా కలిసి, చేపకి తెలియకుండానే చేప చుట్టూ ఉన్న లోకం మారిపోవాలి. మధ్యలో లేచి వెళితే గొట్టం బిగిసిపోతుంది, లేదా బకెట్టు పొంగిపోతుంది. అందుకని సభ వాళ్ళని కాసేపు కూర్చోబెట్టమని అత్తగారికి లోపల్నించే చెప్పారు. కూర్చోబెట్టడమంటే ఆవిడ లెక్కలో కాఫీ ఇవ్వడం.

వాళ్ళు వెళ్ళాక మిగిలిన కాఫీ ఆ పెద్దావిడ కొడుకు, చూడామణి గారి భర్త అనంతపద్మనాభం గారి చేతికి వచ్చింది. హైస్కూల్లో లెక్కల మాస్టారు. సొంతిల్లు కాబట్టి ఆయనకి మొహమాటం లేదు.

"ఇదేటమ్మా, చారా?" అన్నారు.

అప్పలనరసమ్మ గారి కాఫీకి ఊళ్ళో మూడు లాంతర్ల నుంచి కంటోన్మెంటు దాకా పేరుంది. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర ఆవిడ ఉన్నారంటే మగపెళ్ళివారు అలకలు మానేసేవారట. అలాంటి మనిషి చేతి కాఫీ ముగ్గురు పెద్దమనుషులు మందులా మింగి వెళ్ళారని తెలిశాక ఆవిడ సాయంత్రం దాకా తోమిన గిన్నెలే తోమారు. దీపం పెట్టాక కోడల్ని పిలిచారు.

"ఒసే చూడామణీ. రెండు సార్లు తెచ్చేవు, రెండు సార్లూ పోయేయి, ఊరుకున్నాను. ఈ రెండూ కూడా పోయేయంటే హాల్లో ఆ చేపల తొట్టి గడప దాటాలి. నా దేవుడి మందిరం దాని చోటికి అది వస్తాది."

"సరే అత్తయ్యా" అన్నారు చూడామణి గారు.

ఆ సరే ఎలాంటిదో ఆవిడ దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లలకి తెలుసు. ఒక సంగతి పలకలేదంటే అది పలికేదాకా ఆ సాయంత్రం ముందుకి జరగదు. తల్లులు స్కూటర్ల మీద కూర్చుని హారన్లు కొట్టినా జరగదు.

అసలు ఆ తొట్టి ఇంటికి రావడానికి కారణం ఆవిడ దంతం. ఊళ్ళో ఒక పంటి డాక్టరు గారు తన హాల్లో సముద్రపు చేపల తొట్టి పెట్టుకున్నారు. చూడామణి గారు పన్ను చూపించుకోవడానికి వెళ్ళి ఆ తొట్టి ముందు కూర్చున్నారు. పిలిచినా వినిపించుకోలేదట. పన్ను బాగైపోయాక కూడా ఏదో సలుపుతోందని నాలుగైదుసార్లు వెళ్ళొచ్చారు. డాక్టరు గారు పాపం ఎక్స్‌రేలు తీసి, ఏమీ కనబడక, పుక్కిలించడానికి మందు రాసిచ్చారు. తరవాత ఆయన మకాం మారుస్తూ, అంత బరువు మోసుకెళ్ళలేనని చేపల్ని మాత్రం తీసుకుని తొట్టి వదిలేశారు. చూడామణి గారు దాన్ని గంగులు ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నారు. దింపడానికి నన్నూ పిలిచారు. గంగులు ఓ పక్కా, నేనో పక్కా పట్టుకుని గుమ్మంలో ఇరుక్కుపోయినప్పుడు, "సేపలు లేకుండానే ఇంత బరువుందేటమ్మా, సేపలొస్తే ఇల్లు కుంగిపోద్దేమో" అన్నాడు గంగులు.

ఎండ పడని చోటు, పక్కనే ప్లగ్గు, హాల్లో తూర్పు గోడ ఒక్కటే అందుకు కుదిరింది. అక్కడ అత్తగారి దేవుడి మందిరం ఉండేది. దాన్ని లోపలి గదికి మార్చడానికి చూడామణి గారు రెండు రోజులు బతిమాలారు. చివరికి, దశావతారాల్లో మొదటిది చేపే కదా అత్తయ్యా అన్నారు. ఆ మాట కాదనలేక ఆవిడ ఒప్పుకున్నారు గాని, మనస్ఫూర్తిగా కాదు.

అయినా మొదటి జంట చేపల్ని తెచ్చిన రోజున ముహూర్తం పెట్టింది ఆవిడే. కొత్తగా ఏది గడప లోపలికి వచ్చినా తిథీ వారం చూడకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. బస్సు ఆలస్యమైంది. చేపలు ఇంటికి చేరేసరికి వర్జ్యం తోసుకొస్తోంది. కానీ, కానీ అని ఆవిడ గడియారం కింద నిలబడి తొందరపెడితే, చూడామణి గారు కవరు కోసి నీళ్ళతో సహా తొట్టిలో గుమ్మరించేశారు. ముహూర్తం దాటలేదు. ఆ చేపలు మర్నాడు దాటలేదు.

రెండోసారి ముహూర్తం మాట వినకుండా, చుక్కచుక్కగా నీళ్ళు కలిపి నిదానంగానే వదిలారు. బాగా తిరిగాయి, తిన్నాయి. ఆ తిండి దేంతో చేస్తారో డబ్బా మీద రాసి ఉంటుంది గాని, అత్తగారికి ఎవరూ చదివి వినిపించలేదు. నెల గడిచాక చూడామణి గారికి ఆశ పుట్టింది. నీలంగా మెరిసే చేప ఒకటి కొని నేరుగా తొట్టిలో వేశారు. వారం తిరగకుండా అన్నిటి ఒంటి మీదా తెల్లగా రవ్వ చల్లినట్టు పొక్కులు లేచాయి. చూడామణి గారు ఫోను పట్టుకుని షాపు వాణ్ణి అడుగుతుండగానే, అప్పలనరసమ్మ గారు తొట్టిని ఒకసారి ఎగాదిగా చూసి, "ఇందులో అడగడానికేటుందే, అమ్మవారు పోసింది" అన్నారు. తొట్టికి నాలుగు మూలలా వేపమండలు కట్టారు. అంతటితో ఊరుకోక, కోడలు పాఠం చెబుతుండగా చెంబుడు పసుపు నీళ్ళు తెచ్చి తొట్టిలో పోశారు. ప్రేమతోనే పోశారు. చేపలు పొక్కులతో పోయాయో, పసుపుతో పోయాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తొట్టి మాత్రం చాలా రోజులు పెళ్ళిపందిరిలా ఉంది.

ఆ రోగపు పురుగు చేప ఒంటి మీద నుంచి రాలి, తొట్టి అడుగున పిల్లలు పెట్టి, ఆ పిల్లలు మళ్ళీ చేపనే ఎక్కుతాయట. చేప దొరక్కపోతే చస్తాయి. అందుకని చూడామణి గారు తొట్టి కడిగి, నీళ్ళు మార్చి, చేపలు లేకుండా రెండు నెలలు వదిలేశారు. మోటారు తిరుగుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. సాయంత్రం పాఠాలయ్యాక ఆవిడ కుర్చీ వేసుకుని ఉత్త నీళ్ళ ముందు కూర్చునేవారు. వచ్చినవాళ్ళు తొట్టి వంకా ఆవిడ వంకా చూసి, చేపలు కనబడకపోవడం తమ కళ్ళ తప్పేమోనని అడగడానికి జంకేవారు. ఆ రోజుల్లో దగ్గర్లో కడుతున్న భోగాపురం ఎయిర్‌పోర్టు సంగతి మా వీధి మొత్తం మీద ఎక్కువగా వాకబు చేసేది ఆవిడే. ఎక్కడికైనా వెళ్దామని కాదు. చేపల పెట్టె మద్రాసు నుంచి వైజాగు, అక్కడి నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇక్కడికి తేవడం తప్పుతుందని.

ఇదంతా అయ్యాక వచ్చినవే ఈ మూడో జంట. ఉప్పు కాఫీ నాటి చేపలు. ఈసారి పెద్ద తొట్టిలో వెయ్యలేదు. వెనక గదిలో రెండు ప్లాస్టిక్ తొట్టెలు పెట్టి ఒకదాంట్లో వేశారు. తను పెట్టుకున్న గడువు తీరేదాకా మూడు రోజులకోసారి చేపల్ని కొత్త నీళ్ళున్న రెండో తొట్టెలోకి మార్చడం, మొదటిదాన్ని కడిగి ఎండబెట్టడం. ఒంటి మీద నుంచి రాలిన పురుగు రాలినచోటే ఉండిపోతుంది, చేప ముందుకి వెళ్ళిపోతుంది. పద్ధతి తేలికే. కాని ఇందులో వాడిన గ్లాసుగాని, వలగాని, తడి చెయ్యిగాని అందులో పెడితే చేసిందంతా నూతిలో పోసినట్టే. ఆ ఇంట్లో అనంతపద్మనాభం గారు ఏ గ్లాసు కనిపిస్తే ఆ గ్లాసు తీసే మనిషి. పాఠాలకి వచ్చే పిల్లలు పాతికమంది. అత్తగారేమో పంతం మీద ఉన్నారు.

గడప దాటాలన్న మాట పడిన మర్నాడు పొద్దున్న, అప్పలనరసమ్మ గారు పెరట్లో మడిబట్ట ఆరేస్తున్నారు. ఎవరి చెయ్యీ అందని ఎత్తులో దండెం, చేతిలో కర్ర. ఆ కర్రతో బట్టని దండెం మీదకి విసిరి, కొసలు సరిచేసి, కాకి వాలకుండా చూస్తూ నిలబడ్డారు. చూడామణి గారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెనకాలే చేరారు. గోడ ఇవతల నేను పళ్ళు తోముకుంటున్నాను.

"అత్తయ్యా, వెనక గదిలో తొట్టెలు మడి" అన్నారు.

"చేపకి మడేటే?"

"అమ్మవారు పోసినప్పుడు వేరే గదీ, వేరే గిన్నే పెడతాం కదా. పొయ్యకముందే పెడుతున్నాను, అంతే. ఇక్కడి గ్లాసు అక్కడికి వెళ్ళకూడదు. తడి చెయ్యి తగలకూడదు. నేను పాఠం చెప్పుకుంటూ కాపలా కాయలేను. ఈ ఇంట్లో మీరు తప్ప ఎవరు చూడగలరు?"

పెద్దావిడ కర్ర గోడకి చేర్చి, "ఆరిన గుడ్డ తగిలితే?" అని అడిగారు.

"ఎండలో పూర్తిగా ఆరితే దోషం లేదు."

"అయితే మడే" అన్నారు అప్పలనరసమ్మ గారు.

ఆ ఇంట్లో ఆవిడ మడిని ఎవరూ కాదనలేదు గాని, ఎవరూ అంతగా పట్టించుకోనూ లేదు. కొడుకు ప్యాంటుతో వంటింట్లో తిరిగేవారు. పిల్లలు గుమ్మాలన్నీ ముట్టుకునేవారు. ఇన్నాళ్ళకి ఆవిడ విద్యతో ఒకరికి పని పడింది. ఆ రోజు నుంచి వెనక గది గుమ్మంలో కుర్చీ పడింది. కొడుకు మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, రెండు చేతులూ తిప్పి చూపించాకే లోపలికి. నేనోసారి అలవాటుగా నాలుగడుగులు వేసేసరికి కర్ర అడ్డం వచ్చింది. యాభై ఏళ్ళ మనిషిని, ఆఫీసులో నలుగురి చేత నమస్కారం పెట్టించుకునేవాణ్ణి, చేతులు చాపి నిలబడ్డాను. ఆవిడ గోళ్ళు కూడా చూశారు. కడిగిన తొట్టె డాబా మీద బోర్లించి ఆరుతుంటే, ఆ కర్రే పట్టుకుని కాకుల్ని అదిలించేవారు.

తెచ్చిన నాలుగో రోజునే పెద్ద చేప రెక్క మీద తెల్ల చుక్క లేచింది. మొదట కనిపెట్టింది ఆవిడే. వేపమండల మాట ఎత్తలేదు. కోడల్ని పిలిచి చూపించి, "ఇది నీ పెద్ద తొట్టిలోనే వేసుంటే?" అని మాత్రం అన్నారు. చూడామణి గారు తొట్టె మార్చే రోజుల్లో ఒకటి కూడా తప్పలేదు. జ్వరం వచ్చిన రోజున కూడా శాలువా కప్పుకుని వచ్చి మార్చారు. కొన్నాళ్ళకి చుక్కలు పోయాయి.

ఇంతలో గజపతినగరం సన్మానం రోజు వచ్చింది. చూడామణి గారు వెళ్ళనంటే, నేనున్నాను వెళ్ళమని అత్తగారే పంపారు. అనంతపద్మనాభం గారికి ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దే పని ఉండి ఇంట్లో ఉండిపోయారు. మధ్యాహ్నం ఆయనకి ఒక మంచి ఆలోచన వచ్చింది. చేపలు బాగున్నాయి, చుక్కల్లేవు. ఆ రోజు దశమి, మంచి నక్షత్రం. భార్య శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చి హాల్లో లైటు వేసేసరికి, పెద్ద తొట్టిలో రెండు చేపలూ తిరుగుతుంటే ఎలా ఉంటుంది! ఆయన ఆ మాట చెప్పడానికి నన్ను పిలిచారు. నాకూ బాగుందనిపించింది. ఇద్దరం చేతులు కడుక్కుని గుమ్మం దగ్గరికి వెళ్ళాం.

పెద్దావిడ కుర్చీలోంచి లేవలేదు. పోనీ ముహూర్తం బాగుందో లేదో నువ్వే చూడమ్మా అని కొడుకు పంచాంగం చేతికిచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు. దివ్యంగా ఉందన్నారు. కళ్ళజోడు తీసేశారు.

"మైల తీరకుండా ముహూర్తమేటిరా?" అన్నారు. "కోడలు చెప్పిన గడువు ఇంకా ఉంది. అంతవరకూ బ్రహ్మదేవుడొచ్చి లగ్నం పెట్టినా అవి ఈ గడప దాటవు."

ఒకప్పుడు గడియారం కింద నిలబడి కానీ, కానీ అన్నది ఈవిడే. కొడుకు ఆ సంగతి గుర్తు చెయ్యబోయి, కర్ర వంక చూసి మానుకున్నారు. ఆవిడ కోడలు వచ్చేదాకా ఆ కుర్చీలోంచి కదల్లేదు. మాస్టారు అన్నం తనే వడ్డించుకుని తిన్నారు.

రెండు రోజుల తరవాత చిన్న చేప తోక దగ్గర మళ్ళీ తెల్ల చుక్క కనిపించింది. ఎలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు అనంతపద్మనాభం గారు మెల్లిగా బయటపెట్టారు. కిందటిసారి తొట్టె మార్చినప్పుడు, చేపలు దాక్కునే ప్లాస్టిక్ గొట్టం ముక్క ఎండబెట్టడానికి ఆయన చేతికిస్తే, అది లేకపోతే వాటికి బెంగగా ఉంటుందని అప్పటికప్పుడే, తడితడిగానే, కొత్త తొట్టెలో పెట్టారట. పాపం, జాలితోనే. ఆ గొట్టంతో పాటు పురుగూ వచ్చింది. "అంటు కలిపేసేవు కదరా" అని తల్లి తల పట్టుకున్నారు. మాస్టారు ఆ పూటంతా పేపర్లలో మొహం దాచుకున్నారు. ఆ బ్యాచి పిల్లలకి మార్కులు బాగా పడ్డాయని తరవాత విన్నాను.

పాఠంలో పిల్లాడు తప్పు పలికితే చూడామణి గారు చేసేది ఒకటే, మళ్ళీ మొదటి నుంచి పట్టించడం. ఇక్కడా అదే చేశారు. కొత్త నీళ్ళు కలిపారు, కొత్త గొట్టం ముక్క కోశారు, గడువు మొదటి రోజు నుంచి మళ్ళీ లెక్క వేశారు. అది అయ్యాక కూడా ఇంకో నెల ఊరికే అట్టేపెట్టి చూశారు. చేపలు బలిశాయి. అత్తగారు గుమ్మంలోకి రాగానే పైకి తేలి నోళ్ళు తెరిచేవి.

పెద్ద తొట్టిలోకి మార్చే రోజున మళ్ళీ బకెట్టు, సీసా, సెలైను గొట్టం. ఒకే ఉప్పు కదా, ఇంకా ఎందుకంటే, పాత నీళ్ళకీ కొత్త నీళ్ళకీ ఎంతో కొంత తేడా ఉండకపోదన్నారు. హాల్లో లైటు తీసేశారు. చుక్కలు పడుతూ పడుతూ పొద్దెక్కింది. మాస్టారు గడియారం చూసి, రాహుకాలం వచ్చేసిందని తల్లి వైపు తిరిగారు. చూడామణి గారి చెయ్యి గ్లాసు మీద ఆగింది.

"రాహుకాలం నేల మీద వాళ్ళకి. నీళ్ళలో ఉండదు. కానియ్యవే" అన్నారు అప్పలనరసమ్మ గారు.

చేపలు గ్లాసులోంచి తొట్టిలోకి జారి, ఒక్క క్షణం నిలబడి, అడుగునున్న రాతి వెనక్కి పోయాయి.

మందిరం లోపలి గదిలోనే ఉంది. దాని మాట తరవాత ఎవరూ ఎత్తలేదు. పెద్దావిడ కుర్చీ వెనక గది గుమ్మంలోంచి హాల్లోకి వచ్చి, తొట్టికి ఎదురుగా పడింది. జపమాల అక్కడే తిప్పుకుంటున్నారు.

వారం తరవాత రమేష్‌బాబు గారు సన్మానం ఫోటోలు ఇవ్వడానికి గజపతినగరం నుంచి వచ్చారు. కాఫీ తెచ్చింది అప్పలనరసమ్మ గారు. తాగే నీళ్ళ క్యాను మూత ఇప్పుడు ఎర్రది, కాని ఆ సంగతి ఆయనకి తెలియదు. గ్లాసు అందుకుని వాసన చూశారు. పెదవి తడిపి ఆగారు. ఇంకో చుక్క తీసుకుని మళ్ళీ ఆగారు. ఆ తరవాత ధైర్యం చేసి ఒక గుక్క వేసి, మొహం విప్పారగా, మిగతాది హాయిగా తాగేశారు. తాగి, చేపల కథంతా విని, తొట్టి ముందు వంగి, ఇటు నుంచీ అటు నుంచీ చూశారు. రాతి వెనక నారింజ రంగు తోక కొస తప్ప ఏమీ కనబడలేదు. ఇంత కథ విని, ఇంత దూరం వచ్చి, ఇంతసేపు నిలబడ్డా ఒక్కటీ బయటికి రాదేమిటండీ, మనిషంటే బొత్తిగా లెక్క లేదా వీటికి అని విసుక్కున్నారు.

చూడామణి గారు ఖాళీ గ్లాసు అందుకుంటూ, "మా ఇంటి నీళ్ళు అలవాటవడానికి ఎవరికైనా కాస్త టైము పడుతుంది కదండీ, మీకు తెలీదేటి?" అన్నారు.